పెండ్లివిందు బల్లలకు తక్కువ ఖర్చుతో అలంకారము

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిరి. ఇల్లు కట్టినవానికి గోడలైనను మిగులును. పెండ్లి చేసినవానికి మిగులునది సంతోషమా, అప్పా యనునది ఆతడు ముందుగా వేసికొన్న లెక్కనుబట్టి యుండును. ఆ లెక్కలో పెద్ద పద్దులను గూర్చి అందరును ఆలోచింతురు గాని చిన్న పద్దులను ఎవ్వరును తలపరు. అట్టి చిన్న పద్దులలో నొకటియగు విందుబల్లల యలంకారమును గూర్చి యీ వ్యాసమున ముచ్చటింపదలచితిమి.

పూర్వము మన బెళుగుప్ప ప్రాంతపు పెండ్లిండ్లలో బల్లలు లేవు. అతిథులు పందిరిక్రింద బంతులు తీరి కూర్చుండి విస్తళ్లలో భుజించెడివారు. ముంగిట ముగ్గు, గుంజకు మామిడాకుల తోరణము, పందిరిమీద వేప, కానుగ కొమ్మలు: ఇదియే అలంకారము. కుమ్మరి యింటినుండి మేళతాళములతో తెచ్చెడి రంగుల అరివేణి కుండలే పెండ్లికి కన్నులపండువుగా నుండెడివి. ఇప్పుడు బల్లలు, కుర్చీలు వచ్చినవి. బల్ల వచ్చినతోడనే దాని నడుమ ఏదో యొకటి యుంచవలెనను కోరికయు వచ్చినది. ఇది తప్పు కాదు. ఎదురెదురుగా కూర్చుండిన పరిచయములేని బంధువులకు నడుమనున్న యొక అందమైన వస్తువు మాటలకు మొదలగును. అయితే దానికొరకు ఎంత వెచ్చింపవలెను, దేనితో చేయవలెను అనునదియే ప్రశ్న.

కొన్ని యేండ్లక్రిందట వేరుశనగ పంట పోయిన యొక సంవత్సరమున మేమొక పెండ్లికి వెళ్లితిమి. బల్లల నడుమ నుంచుటకు పట్టణమునుండి పూలబుట్టలను అద్దెవాహనమున తెప్పించిరి. ఉదయము అవి చూడముచ్చటగా నుండెను. మధ్యాహ్నము రెండు గంటలకు మన యెండకు తలలు వాల్చెను. సాయంకాలము వానిని దిబ్బపై పారవేసిరి. పూలు గ్రుచ్చిన పచ్చని స్పంజి ముక్కలు నీటిలోను కరుగలేదు, మట్టిలోను కలియలేదు. అది ఒకవిధమైన ప్లాస్టిక్కు. మేకలు వచ్చి వాసన చూచి వెళ్లిపోయినవి. మరుసటి యేడు ఆ యింటి రెండవ అమ్మాయి బడికి రాలేదు. పూలబుట్టలవలననే యట్లు జరిగినదని మేము చెప్పము. కాని అప్పు అనునది చిన్న చిన్న పోచలతో పేనిన పగ్గము. అందులో ఆ పూలబుట్టలదియు నొక పోచయే.

లెక్కవేసి చూతము. పన్నెండు బల్లలకు, బల్ల యొక్కింటికి 500 రూపాయలచొప్పున 6,000 రూపాయలు అనుకొందము. ఆ సొమ్మును నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో నెలకు 120 రూపాయలు వడ్డీ యగును. మూడేండ్లు తీర్చలేకపోయినచో వడ్డీయే 4,320 రూపాయలు. అసలుతో కూడ 10,320 రూపాయలు. ఒక్క పూట నిలువని పూలకు మూడేండ్లు నిలిచెడి ఋణము! అనంతపురము జిల్లాలో సంవత్సరమునకు సగటున కురియు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్యపు వానలు సముద్రతీరమునుండి మనవరకు వచ్చుసరికి బలము తగ్గును. మూడేండ్లలో నొక యేడైనను వాన మొగము చాటువేయదని చెప్పగల రైతు మన మండలమున ఎవ్వడును లేడు. కావున మనము చేసెడి అలంకారము మన నేలలో దొరకునదై, మన యెండకు ఓర్చునదై, విందు ముగిసిన పిమ్మట తినుటకో, విత్తుటకో, వాడుటకో పనికివచ్చునదై యుండవలెను.

ముందు తెలియవలసిన మూడు సూత్రములు

మొదటిది ఎత్తు. బల్లపై మోచేతిని ఆనించి పిడికిలి బిగించి నిలుపుము. అలంకారము ఆ పిడికిలిని మించి యుండరాదు. అంతకు మించినచో ఎదుటివారి ముఖము కనబడదు. మాటలాడుటకు మెడలు సాచవలసి వచ్చును. కంకులవంటి సన్ననివి మాత్రము కొంత ఎత్తుగా నున్నను వానినడుమనుండి చూపు సాగును.

రెండవది చోటు. బల్లపై వడ్డనకే ముఖ్యస్థానము. విస్తరికి, నీళ్ల లోటాకు, కూరల గిన్నెలకు చోటు విడిచి, మిగిలిన దానిలో జానెడు వెడల్పు మాత్రమే అలంకారమునకు ఈయవలెను.

మూడవది మితము. జపాను దేశీయులు "ఇకెబానా" యను పుష్పవిన్యాస విద్యను శతాబ్దములనుండి అభ్యసించుచున్నారు. వారు రెండు మూడు కొమ్మలతోనే సరిపెట్టి, కొమ్మకు కొమ్మకు నడుమనున్న ఖాళీని సైతము అందములో భాగముగా నెంచుదురు. బుట్టెడు పూలు కుక్కుటకంటె మూడు కొమ్మలను సరిగా నిలుపుట కష్టమే. కాని ఖర్చు తక్కువ, శోభ యెక్కువ.

పాత్రలు

కుమ్మరి చేసిన చిన్న మట్టిముంతకంటె చవుకయైనది, అందమైనది లేదు. ముంతలకు జాజు పూసి, ఆరిన పిమ్మట సున్నముతో చుక్కలు, గీతలు దిద్దవలెను. అరివేణి కుండలను చూచిన పెద్దవారిని అడిగినచో దిద్దెడు తీరులు చెప్పుదురు. వట్టి జాజు చేతికి అంటుకొనును గనుక చేలగట్లపైని తుమ్మచెట్ల బంకను నీటిలో నానబెట్టి, వడగట్టి, రంగులో కలుపవలెను. తుమ్మబంక రంగును మట్టికి పట్టియుంచును.

ఇచ్చట నొక జాగ్రత్త కలదు. మట్టిపాత్ర లోపలి నీరు సన్నని రంధ్రములగుండ వెలుపలికి చెమర్చును. ఆ చెమ్మ ఆవిరియగుచు వేడిని తీసికొనిపోవుటచేతనే కూజాలో నీరు చల్లబడును. ఈ గుణము పూలకు మేలే గాని రంగునకు కీడు. కాబట్టి రంగు వేసిన ముంతలను ఎండుకంకులకు, రంగు వేయనివానిని నీటిపూలకు వాడవలెను. నీటిముంతక్రింద మూకుడో, అరటియాకు ముక్కయో యుంచినచో బల్లగుడ్డ తడియదు.

ముంతలు దొరకనిచో ఈతాకు బుట్టలు, ఇంటిలోని ఇత్తడి చెంబులు, వాడి కడిగిన గాజుసీసాలు పనికివచ్చును. పన్నెండు బల్లలకు పన్నెండు ఒకే తీరుగా నుండవలెనను నియమము లేదు. దర్జీ అంగడిలో మిగిలిన ఒకే రంగు గుడ్డ పేలికలను అన్నింటి మెడలకు చుట్టినచో వేరువేరు సీసాలును ఒక కుటుంబమువలె కనబడును.

కంకుల గుత్తి

మన ప్రాంతమునకు తగిన అలంకారములలో దీనికే మేము మొదటి పీట వేయుదుము. వేరుశనగ అంతట వ్యాపింపకముందు మన మెట్టచేలలో కొఱ్ఱ, జొన్న, సజ్జ విరివిగా పండెడివి. ఇప్పటికిని కొందరు వేయుచున్నారు. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించి లోకమంతటి దృష్టిని ఈ పంటలవైపు త్రిప్పినది.

కంకి నిండి, గింజ రాలకముందే మూరెడు కాడతో కోయవలెను. పది పది కంకులను పురికొసతో కట్టి, తలక్రిందులుగా, గాలియాడు నీడలో రెండు వారములు వ్రేలాడదీయవలెను. తలక్రిందులుగా కట్టుటవలన కాడలు వంగక నిటారుగా ఆరును. నీడలో ఆరుటవలన రంగు వెలిసిపోదు. ఎలుకలకు అందకుండ ఎత్తున భద్రపరచి, పురుగు పట్టకుండ నడుమ నడుమ ఎండువేపాకు ఉంచవలెను. మన మెట్టపంటలు సామాన్యముగా వానకాలము చివర కోతకు వచ్చును; పెండ్లిండ్లు మాఘమునుండి వేసవివరకు జరుగును. కాబట్టి ఇంట పెండ్లీడు పిల్లలున్నవారు పంటనాడే నాలుగు కట్టలు వేరుచేసి యుంచుకొనవలెను.

ముంతలో మూడు వంతులు ఇసుక నింపుము. ఇసుక కాడలను నిలుపును. పాత్ర దొర్లకుండ బరువునిచ్చును. ఇసుకకు బదులు బుడ్డల పొట్టు నింపవచ్చును గాని అది తేలిక గనుక అడుగున రెండు రాళ్లు వేయవలెను. సజ్జకంకి క్రోవ్వొత్తివలె నిటారుగా నుండును; అట్టివి మూడు నడుమ నిలుపుము. కొఱ్ఱకంకి సిగ్గుపడిన పెండ్లికూతురువలె తల వంచును; అట్టివి అయిదారు చుట్టును గ్రుచ్చుము. జొన్నకంకి బరువైనది, దానిని కాడ తగ్గించి ముంత యంచున ఒకటి రెండు మాత్రమే ఆనింపుము. దీనికి నీరు వలదు, మంచు వలదు. పెండ్లికి పదిదినములు ముందే చేసి యుంచుకొనవచ్చును. ఆనాటి తొందరలో నొకపని తగ్గును.

పూలు

కంకులతోపాటు రంగు కావలెనన్నచో కాగితపు పూలతీగను మించినది లేదు. దక్షిణ అమెరికాలో పుట్టి మన బడుల, బంగళాల ప్రహరీలపైకి ప్రాకిన ఈ తీగకు నీటి యవసరము స్వల్పము. మనము పూరేకులనుకొనెడి రంగు రేకులు నిజమునకు ఆకులే. లోపలనున్న చిన్న తెల్లని గొట్టములే పూలు. ఆకులగుటచేతనే అవి ఎండినను కొంతకాలము రంగును నిలుపుకొనును. తంగేడు పూచిన దినములలో దాని పసుపుపచ్చని గుత్తులు చేలగట్లపైననే దొరకును. ఎండకాలమున మోదుగ, తురాయి పూచును. కొనవలసి వచ్చినచో బంతి, చామంతి, కనకాంబరము మేలు. ఇవి వాడుటకు చాల తడవు పట్టును. మల్లె సువాసన గలదే గాని మధ్యాహ్నమునకే కందిపోవును. దానిని పెండ్లికూతురి జడకు విడుచుట మంచిది.

పూలను కోయుటకు తెల్లవారుజాము తగిన వేళ. రాత్రి చల్లదనమున మొక్క నీటితో నిండియుండును. కాడలను ఏటవాలుగా కత్తిరించి, నీటిలో మునుగు భాగమున ఆకులు దూసివేయవలెను. ఆకులు నీటిలో కుళ్లినచో క్రిములు పెరిగి కాడల రంధ్రములను మూసివేయును. అప్పుడు నీటిలో నుండియు పూవు దాహముతో వాడును. కోసిన పూలను రెండు మూడు గంటలు లోతైన నీటిలో, చీకటిగదిలో నుంచి, విందుకు గంటముందు మాత్రమే బల్లలపైకి తీయవలెను. మాగిన మామిడిపండ్లను, అరటిగెలలను పూలతో నొకే గదిలో నుంచరాదు. మాగెడు పండ్లనుండి ఎథిలీను అను వాయువు వెలువడి పూలను త్వరగా వాడజేయును. వేసవి పెండ్లిండ్లలో సామానుల గదిలోనే పండ్లు, పూలు చేర్చి పెట్టుట మనవారి యలవాటు. పూలు చెడిపోయినచో దిష్టి తగిలినదందురు.

పన్నెండు ముంతలకు అరలీటరుచొప్పున ఆరు లీటర్ల నీరు చాలును. విందు ముగిసిన పిమ్మట ఆ నీటిని పారబోయక ఒక మొక్కకు పోయవలెను. బిందెకొరకు నడిచిన తల్లులకు ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు.

దీపము

రాత్రివిందుకు దీపమే అలంకారము. గాజు లోటాలో మూడింట రెండు వంతులు నీరు పోసి, దానిపై వేలెడు మందమున వేరుశనగనూనె పోయుము. నూనె సాంద్రత నీటికంటె తక్కువ, అనగా సుమారు 0.91 గనుక అది పైననే తేలును. చిన్న బెండుబిళ్లకు పలుచని రేకు తొడిగి, నడుమ రంధ్రము చేసి, నూనెలో తడిపిన పొట్టి ఒత్తిని దూర్చి తేల్చుము. ఒత్తి క్రింది కొస నూనెలోనే యుండవలెను. నూనె తరిగి నీరు ఒత్తికి తగులగానే దీపము తనంతట తానే ఆరిపోవును. పందిట నిప్పుభయము తగ్గును. నీటి యడుగున రెండు మూడు కాగితపు పూల రేకులు వేసినచో వెలుగు వానిపై బడి వింతగా మెరయును. ఎండుకంకులున్న ముంతప్రక్కన మాత్రము ఈ దీపమును ఎన్నడు నుంచరాదు.

దీపమును గూర్చి చెప్పునప్పుడు నిమ్మలకుంటను మరువరాదు. 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో, ధర్మవరమునకు సమీపమున నున్న ఆ గ్రామపు కళాకారులు మేకతోలును పలుచజేసి, రంగులు దిద్ది, సన్నని రంధ్రములు పొడిచి తోలుబొమ్మలను చేయుదురు. తెరవెనుక దీపమునకు రామాయణ భారతములను ఆడించిన ఆ చేతులే ఇప్పుడు దీపములకు గూళ్లును చేయుచున్నవి. వారిలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ బిరుదము లభించినది. వారి చేతిపని వెలగలది. దానిని ఒక్కదానినైనను కొని వధూవరుల బల్లపై నుంచుట గౌరవము. తక్కిన బల్లలకు విద్యార్థులు దాని మార్గమున కాగితపు గూళ్లను చేయవచ్చును. దళసరి తెల్లకాగితముపై నెమలినో, లేడినో రంగులతో దిద్ది, నగలున్నచోట్ల సూదితో పొడిచి, వెనుకవైపు దూదితో పలుచగా నూనె రుద్దవలెను. కాగితపు నారలనడుమ గాలియున్న చోట్లను నూనె నింపుటచేత వెలుగు చెదరక లోపలినుండి ప్రసరించును. గొట్టముగా చుట్టి, లోపల బ్యాటరీతో వెలుగు చిన్న ఎల్‌ఇడి దీపము నుంచుము. నూనెకాగితము క్షణములో అంటుకొనును గనుక దీనిలో నిప్పుదీపమును పెట్టుట కూడదు.

వర్జింపవలసినవి

అందమైన ప్రతి మొక్కయు భోజనపు బల్లకు తగదు. గన్నేరు పూవు, ఆకు, కొమ్మ అన్నియు విషమే. ఉమ్మెత్తయు నట్టిదే. జిల్లేడు పాలు కంటబడినచో చూపునకు ప్రమాదము. ఎఱ్ఱని గురివిందగింజలు రంగులో మనోహరములే గాని నమిలిన ప్రాణాంతకములు. పిల్లలు కూర్చుండు బల్లపై వానిని చల్లరాదు. రోడ్లవెంట తెల్లగా పూచెడి వయ్యారిభామను గుత్తులనడుమ నింపుటకు కొందరు కోయుదురు. అది చర్మమునకు దురద, కొందరికి ఆయాసము కలిగించును. దానిని పెండ్లిపందిటికి దూరముగా నుంచవలెను.

ఖర్చు

ముంత యొక్కటి 30 రూపాయలనుకొన్నచో పన్నెండింటికి 360, జాజు, సున్నము 40, పురికొస 40, నూనె, ఒత్తులు 100, పూలు 160. మొత్తము 700 రూపాయలు, అనగా బల్లకు 60 రూపాయలకు లోపు. ధరలు ఊరినిబట్టి మారవచ్చును గాని నిష్పత్తి చాల మారదు. పైన చెప్పిన 6,000 రూపాయలలో 5,300 మిగులును. ఈ 700లో అధికభాగము కుమ్మరికి, పూలు పెంచిన రైతునకు, అనగా మన యూరివారికే చేరును. శ్రమ మాత్రము కావలెను: నలుగురు పిల్లలకు రెండు మధ్యాహ్నముల పని.

ఇంకను సులభమైన దొకటి కలదు. ఈతాకు బుట్టలో వేయించిన బుడ్డలు పొట్టుతోనే పోసి, నడుమ బెల్లపు అచ్చు నొకటి యుంచి, చుట్టును వేపరెమ్మలు చెక్కవలెను. అతిథులు మాటలాడుచు ఒలుచుకొని తిందురు. విందు ముగియునప్పటికి అలంకారమే అయిపోవును. పారవేయవలసినది పొట్టు మాత్రమే, అదియు ఎరువునకు చేరును.

గడచిన వేసవిలో మా విద్యార్థులు కొందరు తమ సహపాఠి అక్క పెండ్లికి ఈ పద్ధతిని పాటించిరి. మేమును వెంట నుంటిమి. మొదట ఇంటివారు సంకోచించిరి; మగపెండ్లివారు చిన్నచూపు చూతురేమో యని వారి భయము. ఆ భయము మాకు తెలియనిది కాదు. పేదతనము కనబడునేమో యను భయముననే పేదవారు ఎక్కువ ఖర్చుచేయుదురు. బల్లలు సర్దిన పిమ్మట పెండ్లికొడుకు అవ్వ యొకామె కంకుల ముంతకడ చాలసేపు నిలిచినది. "ఇవి మన చేని కంకులే గదా నాయనా! ఇన్నేండ్లు కోసితిమి గానీ, ఎప్పుడూ నిలబడి చూడలేదు" అన్నది. ఆ మాట విన్న పిమ్మట ఇంటివారి ముఖములలో సంకోచము తొలగినది.

ఆ కంకులలో కొన్ని విత్తనమునకు, కొన్ని కోళ్లకు పోయినవి. ముంతలలో నాలుగు ఇప్పుడు మన పాఠశాల ప్రహరీపై పిచ్చుకలకు నీటిపాత్రలుగా నున్నవి. వేసవిలో వానిని నింపుట ఆరవ తరగతి పిల్లల వంతు. ప్రియ విద్యార్థులారా, వచ్చు కోతకాలమున మీ నాయనలను అడిగి ఒక్క కట్ట కొఱ్ఱకంకులను నీడను వ్రేలాడదీయుడు. ఏ యింట పెండ్లి కుదిరినను అది పనికివచ్చును.